రెండు చుక్కలు, ఒక బర్రె

మా ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ బర్రెతోనే చెప్పేవాళ్లు. వినేవాళ్లకు వింతగా ఉంటుంది కానీ, నేను కాలేజీలో చేరేదాకా అందరి ఇళ్లలోనూ ఇంతేననుకున్నాను.

మాది పాల వ్యాపారం. దబీర్‌పురాలో రైలు పట్టాలకు దగ్గరగా ఒక ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు, వెనక వసారా, వసారాను ఆనుకుని కొట్టం. మా నాన్న, అంటే బాపు, నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆ తర్వాత కొట్టం నడిపింది బాపు వాళ్ల అన్న, అంటే మా పెద్దబాపు. ఆయన, ఆయన భార్య మా పెద్దమ్మ, మా అమ్మ, నేను. ఇంతే ఇల్లు. పెద్దమ్మకు పిల్లలు లేరు. నన్ను కన్నది అమ్మ అయితే, ముద్దలు చేసి తినిపించిందీ, జడ వేసి బడికి తోలిందీ పెద్దమ్మ. నా ముక్కుమీది కోపం కూడా ఆమె పెంపకమేనని అమ్మ అంటుంది.

మా వాళ్లలో తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు. ఆమె కూడా ఆయన ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంటుంది. కానీ తెల్లారకముందే ఒకే కొట్టంలో పాలు పిండే ఇద్దరు మనుషులు మాట్లాడకుండా పని ఎలా జరుగుతుంది? అందుకని పెద్దబాపు బర్రె వీపు మీద చెయ్యి వేసి, "దానా అయిపోవచ్చింది, పొద్దుమూకి తెస్తనని చెప్పు" అనేవాడు. అమ్మ అదే బర్రెకు అటువైపు కూర్చుని, "తౌడు సుత తెమ్మను" అనేది. బర్రె నెమరు వేసుకుంటూ ఇద్దరి మాటా వినేది. మర్యాద దక్కేది, పనీ జరిగేది.

పెద్దబాపు జబ్బుపడి పోయినరోజు ఈ పద్ధతి ఇంకో రకంగా మారింది. ఆయన పోయింది పాలు పిండే వేళకే. పెద్దమ్మ ఏడుపుకు నేను లేచి వచ్చేసరికి వసారాలో మంచం చుట్టూ జనం చేరుతున్నారు. అమ్మ మాత్రం కొట్టంలో ఒక బర్రె తర్వాత ఇంకో బర్రెను పిండుతూనే ఉంది. ఏడుస్తూ పిండుతోంది, కానీ పిండుతోంది. పెద్దమ్మ అందరి ముందూ ఒక్కటే మాట అంది. "నా పెనిమిటి ఇక్కడ గిట్ల పడి ఉంటే, నువ్వు పాలు పిండుకుంటవా?"

అమ్మ జవాబు చెప్పలేదు. తలెత్తను కూడా లేదు. ఆ రోజు నుంచి పెద్దమ్మ అమ్మతో మాట్లాడటం మానేసింది. ఇది పదేళ్ల పైమాటే.

ఇల్లు విడిపోలేదు. ఒకే పొయ్యి, ఒకే కొట్టం. మాటలు మాత్రం బర్రె దగ్గరికి చేరాయి. "ఉప్పు ఎక్కువైందని చెప్పు" అని పెద్దమ్మ బర్రెతో అంటే, "ఇష్టముంటే తినమను, లేకుంటే లేదు" అని అమ్మ బర్రెకు చెప్పేది. బావ, మరదలు మర్యాద కోసం వాడుకున్న దారిని ఈ ఇద్దరు యారాండ్లు పంతం కోసం వాడుకున్నారు. తోడికోడళ్లను మా వైపు యారాండ్లు అంటాం. సినిమాలు చూసి తోడికోడళ్ల పోరు అంటే జుట్లు పట్టుకోవడమనుకుంటారు జనం. మా ఇంట్లో జుట్టు పట్టుకుని ఉంటే నేను సంతోషంగా పక్కన కూర్చుని చూసేదాన్ని.

నేను చదువుకుని, పాతబస్తీలోనే ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగంలో కుదురుకున్నాను. పెళ్లి చేసుకోలేదు. అది వేరే కథ, ఇక్కడ పని లేదు. అప్పు చేసి జల్‌పల్లిలో చిన్న జాగా కొని రెండు గదులు వేయించాను. సరిగ్గా అప్పుడే మా ఇల్లు, కొట్టం ఉన్న స్థలం యజమాని ఖాళీ చేయమన్నాడు. బర్రెలను ఒక్కొక్కటే అమ్మేశాం. జల్‌పల్లి కాలనీలో బర్రెను కట్టేసే జాగా లేదు. పక్కింటివాళ్లు పేడ వాసనకే లొల్లి చేస్తారు. చివరికి ఒక్క ముసలి బర్రె మిగిలింది. దాన్ని కూడా అమ్మి, ఇల్లు మారాలి.

అమ్మ వస్తానంది. పెద్దమ్మ రానంది. నాతో కాదు, బర్రెతో అంది. "నేను మా తమ్ముని ఇంటికి పోతనని చెప్పు. ఆ కొత్తింట్ల ఎవరి మొఖం చూసుకుంట కూసోవాలె?"

ఆమె తమ్ముడి ఇల్లు నాకు తెలుసు. మంచి మనిషే కానీ, ఉన్న రెండు గదుల్లో కొడుకులు, కోడళ్లు, మనవలు. ఈమెకు దొరికేది మెట్ల కింద ఒక మంచం. నన్ను పెంచిన మనిషి మెట్ల కింద పడుకోవడం నేను ఊహించుకోలేకపోయాను. ఊహించుకున్నప్పుడల్లా ఏడుపు వచ్చేది, ఏడుపు వెనకాలే కోపం వచ్చేది. నాకు కావలసింది ఒక్కటే. ఆ ఇద్దరి మంచాలూ నా ఇంట్లో ఉండాలి. కానీ మాట్లాడుకోని ఇద్దరి మధ్య, బర్రె కూడా లేని ఆ ఇంట్లో, బర్రె పని చేయాల్సింది నేనే. ఆ ఉద్యోగానికి నాకు ఓపిక లేదని నాకే తెలుసు.

ఆ రోజుల్లోనే మా కాలేజీలో పిల్లల కోసం సైన్సు సభ పెట్టారు. న్యూట్రాన్ నక్షత్రాలు, కృష్ణబిలాలు ఎలా కలిసిపోతాయో తెలుగులో చెప్పమని నన్ను అడిగారు. నేను గొంతెత్తి చదువుకుంటే తప్ప మాట కుదరని మనిషిని. ఇంట్లో టీవీ. అందుకని సాయంత్రం పూట కొట్టంలో నీళ్ల గాబు అంచు మీద కూర్చుని ప్రాక్టీసు చేసుకునేదాన్ని. అమ్మ పాలు పిండుతూ ఉండేది. పెద్దమ్మ అటువైపు గడ్డి వేస్తూ ఉండేది. మధ్యలో బర్రె.

"ఆకాశంలో చాలా పెద్ద నక్షత్రాలు ఎక్కువగా జంటగా పుడతాయి. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఉంటాయి" అని మొదలుపెట్టాను.

"ఏందో చుక్కల ముచ్చట చెప్తున్నది మేడం" అంది పెద్దమ్మ బర్రెతో. "రెండిట్ల ఏది పెద్దదో అడుగు."

"ఒకటి జర్ర పెద్దగుంటది పెద్దమ్మా. అదే ముందు సచ్చిపోతది."

"పెద్దదెందుకు ముందుగాల సావాలె?" అని అమ్మ అడిగింది, ఆమె కూడా బర్రెనే.

"దాని ఆకలి ఎక్కువ. ఉన్నదంత జల్ది కాల్చుకుంటది. సచ్చేముందు మస్తు ఉబ్బుతది. పైనున్న గ్యాసంత పక్కదాని మీదికి జారుతది."

"చేతుల ఉన్నది చిన్నదానికి పెట్టి పోతదన్నట్టు" అంది అమ్మ. పెద్దమ్మ గడ్డిని విసురుగా పడేసింది.

నేను పట్టించుకోకుండా చెప్పుకుంటూ పోయాను. పెద్ద నక్షత్రం తన బరువు తానే మోయలేక లోపలికి కుప్పకూలి కృష్ణబిలం అవుతుంది. వెలుగు కూడా బయటికి రాలేనంత గట్టి పట్టు దానిది. కూలేటప్పుడు తరచు పేలుడు జరుగుతుంది. ఆ పేలుడు అన్ని వైపులా సమానంగా జరగకపోతే, పుట్టిన కృష్ణబిలానికి ఒక పక్క నుంచి తన్ను తగిలినట్టవుతుంది. ఆ తన్నుకు జంట తెగిపోయి రెండూ చెరో దారి పట్టవచ్చు.

"ఎక్కువ జంటలు ఇట్లాంటి పేలుళ్లకే విడిపోతయి" అన్నాను.

చెంబులో పాలు పడుతున్న చప్పుడు ఒక్కటే. నేనేం మాట్లాడానో నాకు అప్పుడు తెలిసింది. నోరు మూసుకుని కాగితాలు మడిచి లోపలికి పోదామనుకున్నాను.

"విడిపోనియి ఏం చేస్తయో అడుగు" అంది పెద్దమ్మ.

కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. విడిపోకపోతే, కొంతకాలానికి రెండో నక్షత్రం కూడా ఉబ్బుతుంది. ఎంత ఉబ్బుతుందంటే, తన చుట్టూ తిరుగుతున్న కృష్ణబిలం దాని గ్యాసు లోపలికే వచ్చేస్తుంది. ఒకే దుప్పట్లో ఇద్దరు దూరినట్టు. ఆ గ్యాసు రాపిడికి తిరుగుడు వేగం పోయి, రెండూ ఒక్కసారిగా చాలా దగ్గరికి జరుగుతాయి. గ్యాసంతా బయటికి చెదిరిపోతుంది. ఆ తర్వాత రెండోది కూడా పేలుతుంది. మళ్లీ తన్ను, మళ్లీ విడిపోయే ప్రమాదం. అది కూడా తట్టుకుంటే, పేలినదాని నడుమ న్యూట్రాన్ నక్షత్రం మిగులుతుంది. సూర్యుడి కంటే ఎక్కువ బరువు, ఒక నగరం పట్టేంత జాగాలో.

"అంత బరువు గింత జాగల ఎట్ల పడతదట?" అని అమ్మ అడిగింది.

"లోపల ఖాళీ అన్నదే ఉండదమ్మా. ఒక్క చెంచాడు తీస్తే కొండంత బరువుంటది."

"కొందరు మనుషులు సుత గట్లనే ఉంటరు" అంది పెద్దమ్మ బర్రె చెవిలో. ఎవరి గురించి అన్నదో నేను అడగలేదు. తన గురించే అన్నదని ఇప్పుడనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఆ తర్వాతిది. ఇక ఆ రెండింటి మధ్య గ్యాసు లేదు, రాపిడి లేదు, ఒకదాన్నొకటి తాకేది లేదు. ఊరికే తిరుగుతుంటాయి. కానీ అంత బరువులు తిరిగితే చుట్టూ ఉన్న శూన్యమే వణుకుతుంది. ఆ వణుకును గురుత్వ తరంగాలంటారు. అవి బయటికి పోతూ పోతూ ఆ జంట శక్తిని కొంచెం కొంచెంగా పట్టుకుపోతాయి. ఒక్కో చుట్టుకు అవి దగ్గరయ్యేది ఎంత కొంచెమంటే, పక్కన నిలబడి చూసేవాళ్లెవరైనా ఉంటే ఏమీ మారడం లేదనే అంటారు. అలా కోట్ల ఏళ్లు గడుస్తాయి. దగ్గరయ్యేకొద్దీ వణుకు పెరుగుతుంది, వణుకు పెరిగేకొద్దీ ఇంకా త్వరగా దగ్గరవుతాయి. కోట్ల ఏళ్లు పట్టిన ప్రయాణంలో ఆఖరి భాగం కొద్ది సెకన్లలో అయిపోతుంది. ఒక్క సెకనులో వందల చుట్లు తిరిగి కలిసిపోతాయి.

ఇది చెబుతుండగానే పట్టాల మీద రైలు పోయింది. ఎప్పటిలాగే కొట్టం రేకులు గడగడలాడి, గాబులో నీళ్లు వణికాయి. నక్షత్రాల వణుకు మన దాకా వచ్చేసరికి ఒక పరమాణువు కేంద్రకం కంటే కూడా ఎంతో చిన్నదైపోతుందనీ, దాన్ని పట్టుకోవడానికి కిలోమీటర్ల పొడవున్న యంత్రాలు కట్టారనీ, ఇలాంటి రైళ్ల అదురు వాటికి పెద్ద తలనొప్పి అనీ చెప్పాను.

"కలిసినంక ఏం కనబడతదో అడుగు" అంది అమ్మ.

"చానసార్లు ఏం కనబడదు. నల్లది పెద్దగుంటే రెండోదాన్ని నిండుగనే మింగేస్తది. చిన్నగుండి జోరుగ తిరుగుతుంటే మింగెటప్పుడు చీల్చుతది, జర్రంత బయటికి చెదురుతది, వెలుగొస్తది. లేకుంటే వణుకొక్కటే మనకు అందుతది."

పెద్దమ్మ గడ్డి వేయడం ఆపింది. "గట్లయితే అవి కలిసినట్టా, సచ్చినట్టా?" అంది. ఆ ప్రశ్న బర్రెను అడగలేదు, నన్నే అడిగింది. నేను కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను.

సభలో బాగానే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎక్కువ జంటలు పేలుళ్లకే విడిపోతాయన్న వాక్యం దగ్గర మాత్రం ఆగి నీళ్లు తాగాల్సి వచ్చింది. పిల్లలు అది ఎండ వల్ల అనుకున్నారు.

ఆ ప్రసంగం కోసం చదివినప్పుడే ఇంకో దారి కూడా ఉందని తెలిసింది. అన్ని జంటలూ పుట్టుకతో జంటలు కావు. నక్షత్రాలు కిక్కిరిసి ఉండే గుంపుల్లో, మన పాతబస్తీ గల్లీల్లాంటి చోట్ల, ఎక్కడెక్కడివో వచ్చి ఒకదాని పట్టులో ఒకటి పడతాయి. అలాంటి జంట పక్కనుంచి మూడోది ఒకటి పోతే, పోతూ పోతూ ఆ జంట శక్తిని కొంత లాక్కుని పోతుంది. మూడోది దూరంగా విసిరివేయబడుతుంది. మిగిలిన రెండూ ముందుకంటే దగ్గరవుతాయి. ఇది చదివి నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆ మూడోది నేనేనని నిర్ణయించుకున్నాను. చదువుకున్నవాళ్లకు అప్పుడప్పుడు పట్టే పిచ్చి ఇది.

ఒక ఆదివారం ఇద్దరినీ వసారాలో కూర్చోబెట్టాను. టీ పెట్టి, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి, కొత్తింటి సంగతి ఎత్తాను. వంటింట్లో అరలు ఎంత ఎత్తులో ఉండాలో ఇద్దరూ కలిసి చెప్పాలన్నాను. అలా అడిగితే తప్పక మాట్లాడుకుంటారని నా తెలివి. ఇద్దరూ టీ తాగారు. ఇద్దరూ బిస్కెట్లు తిన్నారు. అమ్మ లేచి కొట్టంలోకి పోయి, "నాకు చెయ్యందే ఎత్తుల ఉంటే చాలని చెప్పు" అంది. పెద్దమ్మ వెనకే పోయి, "ఆ ఇంట్ల అరలు ఎక్కడుంటే నాకేందని చెప్పు" అంది. నేను ఖాళీ గ్లాసులు పట్టుకుని కోపంతో ఊగిపోయాను. "మీ ఇద్దరి కంటే ఆ బర్రెకే ఎక్కువ తెలివున్నది!" అని అరిచాను. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఒప్పుకున్నట్టే ఉన్నారు, ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఇల్లు ఖాళీ చేయడానికి ముందురోజు బర్రెను కొన్న భాయ్ ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. మధ్యాహ్నం వేళ. గల్లీ నిండా ఆటో అడ్డంగా నిలబడింది. వెనకాల స్కూటర్ల హారన్లు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పశువును అమ్మితే దాని మెడకు కట్టిన తలుగు కొన్నవాళ్లకు ఇవ్వరు. ఆ తాడు ఇంట్లోనే ఉండాలి. కొన్నవాళ్లు తమ తాడు తెచ్చుకుంటారు. ఇంటికి పెద్ద అయిన ఆడమనిషి ఆ తలుగు విప్పి, కళ్లకద్దుకుని, లోపల మేకుకు తగిలిస్తుంది. ఇంతకుముందు అమ్మిన బర్రెలన్నిటికీ పెద్దమ్మే విప్పింది. అమ్మ చూస్తూ ఊరుకుంది. కానీ ఈ ముసలిది వేరు. పుట్టేటప్పుడు అడ్డం తిరిగితే దాన్ని తల్లి కడుపులోంచి లాగింది అమ్మ. సీసాతో పాలు పట్టి బతికించింది అమ్మ.

పెద్దమ్మ ఒకవైపు నుంచి వచ్చింది. అమ్మ ఇంకోవైపు నుంచి వచ్చింది. ముడి మీద ఇద్దరి చేతులూ ఒకేసారి పడ్డాయి.

"ఇడువు" అంది పెద్దమ్మ.

ఆ మాట బర్రెతో అన్నది కాదు.

"నువ్వే ఇడువు" అంది అమ్మ.

"ఇంటికి పెద్దదాన్ని నేనున్న. తలుగు నేనే ఇప్పాలె."

"దీన్ని సాకింది నేను. ఇది బతికింది నా చేతుల."

"సాకినవ్ తియ్యి! పిండుకునుడు తప్ప నీకేం తెలుసు? నా పెనిమిటిని పాడె మీదికి ఎక్కియ్యకముందే పిండుకున్నవ్!"

భాయ్ పాపం నా వైపు తిరిగి, "మేడం, జర్ర జల్దీ కరో, గాడీ గల్లీ మే ఖడీ హై" అని తొందరపెట్టాడు. "ఏక్ మినట్ ఠైరో భాయ్" అన్నాను. ఆయనకేం తెలుసు, ఆ ఒక్క నిమిషం కోసం నేను ఎన్నేళ్లు కాచుకున్నానో.

"ఆయనే పిండుమన్నడు!" అని అమ్మ అరిచింది.

పెద్దమ్మ చెయ్యి ముడి మీదే ఆగిపోయింది. "ఎప్పుడన్నడు?"

అమ్మ ముడి మీద నుంచి చెయ్యి తీసేసింది. అనకూడని మాట జారిందని ఆమె ముఖంలో కనిపించింది.

"ఎప్పుడన్నడు చెప్పు! నేను ఆయన మంచం కాడికెల్లి కదలనే లేదు. పోయేముందు నాతోని ఒక్క మాటన్న అనలే. నీతోని ఎప్పుడన్నడు?"

"నాతోని కాదక్కా" అంది అమ్మ. గొంతు బాగా తగ్గిపోయింది. "బర్రెతోని అన్నడు."

అప్పుడు చెప్పింది. చెంబు పట్టుకుని తెల్లవారుజామున వసారాలోకి వచ్చిందట. పెద్దమ్మ నేల మీద కూర్చుని, మంచం కోడుకు తల ఆనించి నిద్రపోయి ఉందట. పెద్దబాపు కళ్లు తెరిచి ఉన్నాడు. అమ్మను చూసి, అలవాటు ప్రకారం ముఖం కొట్టం వైపు తిప్పుకున్నాడు.

"బర్రెలు మొత్తుకోవద్దు, ఏమైనా సరే యాళకు పిండుమను అన్నడక్కా. ఆయన ఊపిరి చూసి నాకు భయమై నిన్ను లేపుదామని చెయ్యి చాపిన. లేపొద్దను అన్నడు. ఎన్ని రాత్రులాయె కన్ను మూయక, పండుకోనియ్యుమను అన్నడు. బావ మాట కాదని ఎట్ల లేపుత? పోయి పిండుకుంట కూసున్న. రెండో బర్రె కాడ ఉన్నప్పుడే నీ ఏడుపు ఇనబడ్డది."

గల్లీలో హారన్లు మోగుతూనే ఉన్నాయి. భాయ్ మాకు వీపు తిప్పి, బర్రె డొక్క నిమురుతూ నిలబడ్డాడు. ఆయనకు తెలుగు ఎంత వచ్చో నాకు తెలియదు కానీ, సంగతి అర్థమైనట్టే ఉంది.

"గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?" అంది పెద్దమ్మ.

"చెప్తే నువ్వు పండుకున్నవని సుత చెప్పాలె గదక్కా. నన్ను తిట్టుకుంట అన్నమన్న తిన్నవ్, జర్ర నిద్రన్న పోయినవ్. నిన్ను నువ్వు తిట్టుకుంటే బతికెటిదానివా?"

నేను ఏడ్చాను. దాచుకోలేదు, దాచుకునే ఓపిక లేదు. మా అమ్మ జవాబు మింగే మనిషి కాదు, అది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆ రోజు ఎందుకు మింగిందని ఒక్కసారైనా అడగలేదు నేను. శూన్యంలో వణుకు గురించి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఒకే కొట్టంలో ఏం జరుగుతోందో చూడలేకపోయాను. అమ్మకు జ్వరం వచ్చినప్పుడు, "కషాయం పొయ్యి మీదున్నదని చెప్పు" అని పెద్దమ్మ బర్రెతో అనేది. పెద్దమ్మ మోకాళ్లు పట్టేస్తే, "గడ్డి నేనే తెస్తనని చెప్పు" అని అమ్మ అనేది. అదంతా నాకు పంతంలాగే కనిపించింది. ఒక్కో చుట్టుకు ఎంత దగ్గరవుతున్నారో కొలిచే ఓర్పు నాకు లేకపోయింది.

పెద్దమ్మ గాబు పక్కన కూలబడింది. "ఇంకేమన్నడు?" అంది.

"గంతే అక్కా."

"సచ్చేటప్పుడు సుత బర్రెతోనే ముచ్చటనా!" అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే తెగిపోయింది. పక్కకు వచ్చి కూర్చున్న అమ్మ భుజం మీద చేత్తో కొట్టడం మొదలుపెట్టింది. "ఆయనకు బుద్ధి లేకపాయె. నువ్వన్న లేపకపోతివి. నువ్వన్న లేపకపోతివి." గట్టిగానే కొట్టింది. అమ్మ పక్కకు జరగలేదు. దెబ్బలు తిని, తిని, ఆ చేతిని పట్టుకుంది. నేను దగ్గరికి పోబోతే ఇద్దరూ ఒకేసారి, "నువ్వు బయటికి పో" అన్నారు.

పోయాను. గల్లీలో స్కూటర్లవాళ్లతో తిట్లు తిని, నేనూ నాలుగు తిట్టి, భాయ్ కోసం పక్కింటి నుంచి చాయ్ తెచ్చాను. లోపల వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఈ రోజుకీ తెలియదు. చివరికి ఆ తలుగు ఎవరు విప్పారో కూడా నేను చూడలేదు. బర్రె బయటికి వచ్చినప్పుడు మెడకు భాయ్ తాడు ఉంది. ఆటో ఎక్కనని కాసేపు మొరాయించి, తర్వాత ఎక్కింది.

దీపాలు పెట్టే వేళకు సామాను చాలావరకు కట్టడం అయింది. జల్‌పల్లికి తీసుకుపోయే బండి తెల్లారేసరికి వస్తుంది. అమ్మ మంచం విప్పి, దాని కోళ్లు, పట్టెలు కట్టగట్టాను. పెద్దమ్మ మంచం అలాగే ఉంది. పొద్దున ఆమెను తీసుకుపోవడానికి తమ్ముడు వస్తానని ఎప్పుడో చెప్పి పెట్టాడు. ఆయనకు ఫోన్ చేసి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మధ్యాహ్నం జరిగింది ఒక కొట్లాట, ఒక ఏడుపు. ఆ తర్వాత ఇద్దరూ ఎప్పటిలాగే పనుల్లో పడ్డారు. పెద్దమ్మ బియ్యం డబ్బా మూత బట్టతో కడుతోంది. అమ్మ పాత చీరలో గిన్నెలు మూట కడుతోంది. కొట్టం ఖాళీగా ఉంది. మాట చెప్పడానికి ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు. ఇక నన్ను చూసే చెబుతారని, నా కొత్త ఉద్యోగం మొదలైందని అనుకున్నాను. భయం భయంగా పెద్దమ్మ దగ్గరికి పోయి, "మీ తమ్మునికి ఫోన్ చెయ్యాల్నా పెద్దమ్మా?" అని అడగబోయాను.

ఆమె నా వైపు చూడనే లేదు. నా పక్కనుంచి తల వంచి, గిన్నెల మూట దగ్గరున్న అమ్మను చూసింది.

"రేపు బండి పొద్దుగాల్నే వస్తదంట గదా" అంది. "నన్ను లేపు."

అమ్మ ముడి వేస్తున్న చేతులు ఆగాయి.

"లేపుత అక్కా" అంది.